దాపట కుర్చీ

బ్యారన్ అని పిలుచుకునే ఆ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు రాసిన కోడ్‌నైనా ఇంకొకరు ఆసాంతం చదివి సరేనంటేనే అది బయటికి పోవాలి. చదివే వేళ మొగుడూ పెళ్ళాం అనే వరసలు చెల్లవు. ఇంట్లో నువ్వూ నేనూ, రివ్యూ కామెంట్లలో మాత్రం గారూ తమరూ. ఈ పద్ధతి పెట్టింది మాలకొండారెడ్డే. పెళ్ళైన కొత్తలో బసవపూర్ణ అతని కోడ్ కింద "ఇదేం కంప" అని రాసింది. ఆ పూట అన్నం మానేసి ముసుగుతన్ని పడుకున్నాడు. పొద్దున్నే ఆకలికి తాళలేక లేచి ఒప్పందానికొచ్చాడు.

"తిట్టుకో. కాకపోతే గారు పెట్టి తిట్టు."

అది నిజంగా పొగాకు బ్యారనే. కందుకూరు పక్క ఉప్పుగుంటపాలెంలో మాలకొండారెడ్డి నాయన పచ్చి పొగాకుని సెగ మీద ఎండబెట్టిన బ్యారన్. ఆ సేద్యం మానేశాక కొన్నాళ్ళు పాత సామాను పడేసుకోవడానికి పనికొచ్చింది. ఇంజనీరింగ్ చదివి కూడా ఊళ్ళోనే నిలబడదామనుకున్న ఈ జంట దాన్ని బాగుచేసుకుని, లోపలి సెగ గొట్టాలు పీకేసి, పై దూలాల్ని అట్టాగే ఉంచి, కింద బల్లలు వేసుకున్నారు. మందపాటి గోడలు కాబట్టి రోహిణీ కార్తెలో కూడా చల్లగా ఉంటుంది. వాన పడితే మాత్రం గోడల్లోంచి పండాకు వాసన లేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి తుమ్ములే తుమ్ములు.

ఆ పూట పూర్ణ ముందు తెర మీదున్నది మొగుడి కోడ్. జబ్బు చేశాక అతను ఎవరి సాయమూ అడక్కుండా మొదలుపెట్టి, ఎవరి సాయమూ లేకుండా పూర్తి చేసిన మొదటి పని. పక్కనే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆమె ఒక పేజీ కిందికి జరిపినప్పుడల్లా ఓరగా చూస్తున్నాడు.

"గమ్మునుండు కొండా. నువ్వట్టా చూస్తుంటే నాకు అక్షరాలు ఆనవు."

"నేనెక్కడ చూశా? గోడ చూస్తుండా."

వాళ్ళు తయారుచేసిన ఎడిటర్ పేరు ఒద్దిక. దస్తావేజులు రాసేవాళ్ళూ, పత్రికలవాళ్ళూ, కోడ్ రాసుకునేవాళ్ళూ, తెర మీద నాలుగైదు విండోలు తెరుచుకుని పనిచేసే ఎవరైనా వాడుకునేది. మామూలుగా అట్లాంటివాళ్ళకి సగం పొద్దు ఆ విండోల్ని అటూ ఇటూ సర్దుకోవడానికే పోతుంది. ఒద్దికకి ఒక కళ్ళజోడుంది. దాని కాడలు కణతలకి ఆనేచోట చిన్న బిళ్ళలున్నాయి. మనిషి ధ్యాస ఎటు పోతోందో అవి పసిగడతాయి. చూపు కాదు, ధ్యాస. చూపు ఒకచోట పెట్టి మనసు ఇంకోచోట పెట్టడం మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య కదా. పాత దస్తావేజులో సర్వే నంబరు చూసుకోవాలని మనసులో మెదిలేలోపే ఆ విండో వచ్చి ఎదురుగా నిలబడుతుంది. అక్కర తీరినది తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది. అన్నం దగ్గర ఉప్పు అడిగేలోపే అందించే మనిషి ఉంటారే, అట్లాగన్నమాట.

పోయిన వానాకాలం మాలకొండారెడ్డికి తలలో నరం చిట్లింది. కాలూ చెయ్యీ మెల్లగా తిరిగొచ్చాయి. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు డాక్టరు. పోయింది ఎడమ పక్క. ఎడమ కన్ను కాదు, ఎడమ పక్క మొత్తం. లోకానికి అటువైపొకటి ఉందన్న సంగతే అతని ధ్యాసలోంచి జారిపోయింది. గడ్డం కుడి చెంపకే గీసుకునేవాడు. కంచంలో కుడి సగం తినేసి, ఎడమ సగంలో అన్నం కుప్పగా ఉండగానే, "ఇంత పెట్టవే" అనేవాడు. ఎదురు చెప్పి ఏడిపించడం ఇష్టంలేక పూర్ణ కంచాన్ని అటుదిటు తిప్పేది. అన్నం ప్రత్యక్షమయ్యేది. "నీ చేతిలో ఏదో మహత్యం ఉందే" అని మెచ్చుకుంటూ తినేవాడు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు "వెతుక్కోనివ్వండమ్మా, అందివ్వబాకండి" అనే చెప్పాడు. పూర్ణకి మనసొప్పలేదు.

కుర్చీ సంగతి కూడా అంతే. బ్యారన్ మొదలుపెట్టిన నాటి నుంచీ ఆమె కుర్చీ అతనికి ఎడమ పక్క. అత్తగారు చెంచమ్మ ఆ వరస చూసి నవ్వేది. "దాపట నువ్వు, వలపట వాడు. కాడి ఒక్కటే తక్కువ" అనేది. అరకకి కట్టేటప్పుడు ఎడమ పక్క ఎద్దు దాపటిది, కుడి పక్కది వలపటిది. ఒకసారి అలవాటైన పక్క నుంచి మార్చి కడితే ఎద్దు మొరాయిస్తుంది, నాగటి చాలు వంకర పోతుంది. జబ్బు తర్వాత పూర్ణ ఆ దాపట కుర్చీలో కూర్చుంటే అతనికి ఆమె లేనట్టే. జానెడు దూరంలో ఉన్న మనిషిని కానక "పూర్ణా, పూర్ణా" అని పిలిచి పిలిచి బెంగపడేవాడు. రెండు పూటలు చూసి, కుర్చీని కుడి పక్కకి లాక్కుంది. ఆమె వేసిన చాలు కూడా అప్పట్నుంచే వంకర పోయిందేమో, ఎవరికి తెలుసు.

ఇప్పుడు అతను రాసిన కోడ్ సరిగ్గా తనలాంటి వాళ్ళ కోసమే. ధ్యాస ఏ పక్కకి పోవడం లేదో ఒద్దిక కనిపెట్టి, ఆ పక్కనున్న విండోలన్నిటినీ ఇవతలికి తెచ్చి పేర్చిపెడుతుంది. ఒంగోల్లో ఒక ఆస్పత్రివాళ్ళు తమ రోగులకి ఇస్తామని ఎదురుచూస్తున్నారు. దాన్ని పెట్టుకుని కూర్చున్నప్పట్నుంచీ మాలకొండారెడ్డి వేళ్ళు పాత వేగం అందుకున్నాయి. ఈల వేస్తున్నాడు. ఆ ఈల విని చెంచమ్మ కొట్టంలో గేదెతో సహా అందరికీ చెప్పుకుంది.

కోడ్ అందంగా ఉంది. ఒక విండోని తీసి ఇంకోదాని చోట పెట్టేటప్పుడు, దాన్నానుకుని ఉన్నవి చోటిచ్చి సర్దుకునే తీరు చూస్తే పూర్ణకి ముచ్చటేసింది. బంతిలో ఆలస్యంగా వచ్చినవాడికి అందరూ తలా కాస్త జరిగి చోటిచ్చినట్టుంది. అక్కడ "భేష్ గారూ" అని రాసింది. పక్క కుర్చీలో ఈల మొదలైంది.

కిందికొస్తే ఒకచోట ఆగిపోయింది. ఖాళీ అయిన ఎడమ అంచు వెడల్పుని ప్రతిసారీ ఇంత తగ్గించమని ఒక లైను. తిరిగి పెంచే లైను కోసం పైనా కిందా వెతికింది. లేదు. కామెంట్ రాసింది.

"మాలకొండారెడ్డి గారికి, ఎడమ అంచు తగ్గడానికి తమరు దారి వేశారు, పెరగడానికి వెయ్యలేదు. మరిచారా, కావాలనే చేశారా?"

మూరెడు దూరంలో కూర్చునే జవాబు కొట్టాడు. "బసవపూర్ణ గారికి, కావాలనే. వాడని గది తలుపు ముయ్యడం తప్పెట్టా అవుతుంది?"

"మూస్తే మూశారు. మళ్ళీ తెరవడానికి గొళ్ళెమైనా పెట్టాలి గదండీ."

"ఆ గది ఉందని తెలిసినవాడికి గదండీ గొళ్ళెం. నాబోటివాడికెందుకు?"

పూర్ణ సరేననే మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది.

మధ్యాహ్నం కరీముల్లా వచ్చాడు. వీళ్ళ దగ్గర టెస్టింగ్ చేసేవాడు. ఏ కోడ్ చేతికిచ్చినా ఎక్కడో ఒకచోట విరగ్గొట్టి తేవడం అతని పని. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఈ మార్పు అడ్డం రాకుండా ఉందో లేదో చూడాలని, కొన్ని వారాలుగా కొత్త కోడ్ ఎక్కించిన కళ్ళజోడు పెట్టుకుని పనిచేస్తున్నాడు. మోచేతికి గుడ్డ కట్టుంది.

"ఏందిరా అది?" అంది పూర్ణ.

"ఏం చెప్పమంటావక్కా. మా ఇంటి ద్వారబంధం ఇరుకైపోయింది. పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి."

"ద్వారబంధం ఇరుకవడం ఏందిరా, నువ్వు లావయ్యుంటావు."

"లావైతే రెండు పక్కలా తగలాలి గదక్కా. పెట్టినచోట పెట్టినట్టే ఉన్న బండి అద్దం కూడా ఎవడో గుద్దిపోయాడు."

"ఏ పక్కది?"

"ఏ పక్కదంటే... ఉండేది ఒక్క పక్కేగా అద్దం?"

మాలకొండారెడ్డి పడీపడీ నవ్వాడు. పూర్ణ నవ్వలేదు.

చెంచమ్మ పునుగులు తెచ్చి ఇద్దరి ముందూ చెరో కంచం పెట్టింది. అల్లం పచ్చడి నంజుకుంటూ మగవాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. కాసేపటికి కంచాలు ముందుకి నెట్టి, "ఇంకా ఉన్నాయా పెద్దమ్మా?" అన్నాడు కరీముల్లా.

చెంచమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఏందిరోయ్ ఇద్దరూ కంచం నడిమిన గెనెం గట్టు వేసుకుని తిన్నారు? వాడిదంటే జబ్బు. నీకేం మాయరోగం?"

రెండు కంచాల్లోనూ కుడి సగం నున్నగా ఖాళీ. ఎడమ సగంలో పునుగులు పెట్టినవి పెట్టినట్టున్నాయి. పూర్ణ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకెళ్ళి మొగుడి కంచాన్ని తిప్పింది. అతను మారు మాట్లాడకుండా మళ్ళీ మొదలుపెట్టాడు.

కరీముల్లా మూతి ముడిచాడు. "అన్నకి మాత్రం మళ్ళీ పెట్టావు. నాకు లేవా?"

పూర్ణ లేచి వెళ్ళి అతని ముఖం మీంచి కళ్ళజోడు లాగేసింది.

కళ్ళజోడు తీశాక కరీముల్లా ఇంటి ద్వారబంధం కొన్నాళ్ళకి దానంతటదే వెడల్పైంది. బండికి రెండు అద్దాలుంటాయని కూడా గుర్తొచ్చింది. "అక్కా, ఇన్నాళ్ళూ మా ఆవిడ కమ్మలు ఒక్క చెవికే పెట్టుకుంటందేందా అనుకున్నా" అని వచ్చి చెప్పుకున్నాడు. ఆ కొన్నాళ్ళూ పూర్ణ రివ్యూ ముట్టుకోలేదు. మొగుడు అడిగితే "చూస్తుండా" అంది. ఆలోచన మాత్రం వదల్లేదు. ఒద్దిక ధ్యాస వెంట నడుస్తోందని ఇన్నాళ్ళూ అనుకున్నారు. నిజానికి ధ్యాసే ఒద్దిక వెంట నడుస్తోంది. నిక్షేపంలాంటి కరీముల్లా ధ్యాసని, అంచు తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, ఒక పక్కకి ఈడ్చుకొచ్చింది. మరి తన మొగుడి ధ్యాస ఎన్నిసార్లు అటు పోదామని కదిలిందో. పగలు తెర మీద ఈ కోడూ, అన్నం దగ్గర తన చెయ్యీ, రెండూ కలిసి దాన్ని మళ్ళీ ఇటు తోలేస్తున్నాయేమో.

అట్లా ఈడ్చుకురాగలిగింది, తిరిగి అటు తీసుకుపోలేదా? ఆ మాట తోచాక కూర్చుని రివ్యూ పూర్తి చేసింది.

"మాలకొండారెడ్డి గారికి, ఈ మార్పుని ఒప్పుకోవడం లేదు. కరీముల్లా సంగతి తమరూ చూశారు. ఇది లేని పక్కని దాచిపెట్టి ఊరుకోవడం లేదు, ఉన్న పక్కని కూడా తినేస్తోంది. ఇదే తప్పు మన ఇంట్లో అన్నం దగ్గర కూడా నడుస్తోంది. కంచం తిప్పే ఆ తప్పు రాసింది నేను. ఈ పూట నుంచి దాన్ని తీసేస్తున్నాను."

జవాబు వెంటనే వచ్చింది.

"నువ్వు నన్ను మళ్ళీ మంచాన పడేస్తున్నావు."

అందులో గారు లేదు. ఇన్నేళ్ళలో బ్యారన్‌లో అట్లా జరగడం అదే మొదలు. పూర్ణ తల తిప్పి చూసేసరికి అతను కళ్ళజోడు బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని బయటికి నడుస్తున్నాడు. ఈల లేదు.

ఆ పూట అన్నం దగ్గర మాటల్లేవు. కుడి సగం అయిపోయింది.

"ఇంత పెట్టు."

"ఉంది. కంచంలోనే ఉంది."

"యాడ?"

"వెతుక్కో."

చెంచమ్మ అందుకుంది. "ఏమ్మే, బిడ్డకి కంచం తిప్పడానికి చేతులు పడిపోయినయ్యా? జబ్బు మనిషితో పంతాలేంది?" అని తనే చెయ్యి చాపింది. పూర్ణ ఆ చేతిని నడిమధ్యన పట్టుకుంది.

"తిప్పబాక అత్తా. నీకు దణ్ణం పెడతా."

చెంచమ్మ కోడలి ముఖంలోకి చూసి, ఏమనుకుందో చెయ్యి వెనక్కి తీసుకుంది. మాలకొండారెడ్డి సగం కడుపుతో లేచిపోయాడు. వీధిలో ఆడవాళ్ళకి మాత్రం మర్నాటికి కబురందింది, ఇంజనీరు కోడలు మొగుడి కడుపు మాడుస్తందని. పూర్ణ ఆ మాటా విన్నది. వంటింట్లో గిన్నెలు తోముతూ కళ్ళు తుడుచుకున్నది కూడా నిజమే. కానీ ఆ పూటా తిప్పలేదు, తర్వాతి పూటా తిప్పలేదు.

నాలుగైదు రోజులకి ఆమెకొక ఉపాయం తట్టింది. ఎర్ర గోంగూర తెప్పించి, ఎండుమిర్చి వేయించి రోట్లో నూరింది. వెల్లుల్లి తాలింపు వీధి చివరకి పోయేట్టు పెట్టింది. మొగుడి కంచంలో ఎడమ అంచున ఇంత ముద్ద వేసి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టింది.

అతను కూర్చోగానే ముక్కుపుటాలు కదిలాయి. మాటల్లేని రోజులు అక్కడితో అయిపోయాయి.

"గోంగూర చేశావా?"

"చేశా."

"మరి పెట్టలేదే?"

"పెట్టా."

అతని తల కంచం నడిమి దాకా వచ్చి ఆగింది. గట్టు దగ్గర నిలిచిపోయిన ఎద్దులాగా ఇంక కదలనంది. నుదుటన చెమట పట్టింది. చెంచమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అతను చూపుడు వేలు కంచం అంచు మీద ఆనించాడు. కళ్ళు కదలకపోయినా వేలిని కదిలించాడు. అంచు పట్టుకుని వేలు చుట్టూ పాకింది, వేలి వెనకే చూపు పోయింది, చూపు వెనకే తల తిరిగింది. గోంగూర ముద్దలో వేలు దిగబడింది.

"ఓర్నీ" అన్నాడు. "యాడ దాక్కుంది ఇది!"

అన్నం కలుపుకుని, ఉల్లిపాయ కొరికి, ఎడమ పక్క మెతుకు కూడా మిగల్చకుండా తిన్నాడు. చెంచమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, కోడలికి మాత్రం వినపడేట్టు చెప్పింది.

"రేపు కూడా గోంగూరే చెయ్యి."

మర్నాడు మాలకొండారెడ్డి బ్యారన్‌కి పోయి తన కోడ్ తనే విప్పి పోగులు పెట్టుకున్నాడు. విండోలు చోటు మార్చుకుని సర్దుకునే పనితనమంతా అట్టాగే ఉంచాడు. అవి పోవాల్సిన దిక్కు మాత్రం తిరగేశాడు. కావాల్సిన విండో ఇప్పుడు ధ్యాస ఉన్నచోటికి రాదు. ధ్యాస ఆగిపోయే గట్టుకి వెంట్రుకవాసి అవతల నిలబడి, రమ్మన్నట్టు మెల్లగా వెలుగుతుంది. ధ్యాస గట్టు దాటి అందుకుంటే, ఈసారి ఇంకో వెంట్రుకవాసి ఎడమకి జరుగుతుంది. అందుకోలేక అలిసిపోతే, కాస్త ఇవతలికొచ్చి ఆగుతుంది. ఆ ఫంక్షన్‌కి పేరు దాపట అని పెట్టాడు.

రివ్యూకి పంపుతూ రాశాడు. "బసవపూర్ణ గారికి, మొన్న ఒకచోట గారు పెట్టడం మరిచాను. మన్నించగలరు."

"మాలకొండారెడ్డి గారికి, అది మన్నించాను. చివర్లో బ్రాకెట్ కూడా మరిచారు. దాన్ని మాత్రం మన్నించేది లేదు."

బ్యారన్‌లో ఈల వినపడింది.

అంతా సాఫీగా నడిచిందని కాదు. కొత్త కోడ్‌తో అతని పని వేగం సగానికి పడిపోయింది. సాయంత్రానికి తల పగిలిపోయేది. కళ్ళజోడు తీసి విసిరికొట్టిన రోజులున్నాయి. ఒంగోలు ఆస్పత్రిలో కొంతమంది రోగులు "మాకు ఆ మొదటి రకమే కావాలి, హాయిగా ఉంటుందంట గదా" అని గొడవ చేశారట. వాళ్ళకి నచ్చచెప్పే పని కరీముల్లాకి అప్పగించారు. అతను పోయి తన మోచేతి మచ్చ చూపించి, పునుగుల కథ చెబుతాడు. వార్డంతా నవ్వుతుంది. కళ్ళజోళ్ళు పెట్టుకుంటారు. కొందరు తీసేస్తారు, కొందరు ఉంచుకుంటారు.

ఎండలు ముదిరాయి. మాలకొండారెడ్డి గడ్డం రెండు చెంపలకీ గీసుకుంటున్నాడు, ఎడమ చెంప మీద కాస్త గాట్లతో.

ఒకనాటి పొద్దున అతని కంటే ముందు బ్యారన్‌కొచ్చి, పూర్ణ తన కుర్చీని ఎత్తి అతని బల్లకి ఎడమ పక్కన పెట్టింది. నేల మీద కుర్చీ కాళ్ళ పాత గుర్తులు ఇంకా అట్టాగే ఉన్నాయి. సరిగ్గా వాటిలోనే దించింది. కూర్చుని తన పని మొదలుపెట్టింది.

అతనొచ్చాడు. కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు పని చేసుకున్నాడు.

"పూర్ణా, మొన్నటి టెస్టులు యాడ పెట్టావు?"

ఆమె పలకలేదు. పలకకుండా ఉండటానికి బల్ల అంచు పట్టుకోవాల్సొచ్చింది.

అతను కుడి పక్కకి చూశాడు. కుర్చీ లేదు. గోడ ఉంది. ఇంతకుముందైతే ఆ గోడ చూసి బెంగపడేవాడు. ఇప్పుడు చేతిని బల్ల అంచు మీద ఆనించాడు. తల ఎదురు తెర దాకా వచ్చింది. అక్కడాగి, ఊపిరి పీల్చుకుని, ఇంకాస్త ఇటు వచ్చింది. ఇంకాస్త. పై దూలం మీద పిచ్చుక ఒకటి రెక్కలు విదిల్చుకుంది.

"ఇక్కడుండి పలకవేందే?"

"నువ్వే వెతుక్కుంటావని."

"ఎప్పుడొచ్చావు ఈ పక్కకి?"

"నేను మొదట్నుంచీ ఈ పక్కేగా. నడుమ నీ కోసం అటొచ్చా."

అతను ఆమెనే చూస్తూ ఉన్నాడు. కుడి పక్క కూర్చున్నన్నాళ్ళూ అతనికి ఆనిన చెంప వేరు, ఇప్పుడు ఎదురుగా ఉన్న చెంప వేరు. చెవి పైన పాపిట పక్కగా తెల్ల వెంట్రుకలు పాయగా మెరుస్తున్నాయి. చెయ్యి చాపాడు. కాస్త తడబడి, అందుకుని, వేలితో ఆ పాయని చెవి వెనక్కి సర్దాడు.

"ఇవెప్పుడొచ్చినయ్యే?"

"తమరు ఇటు రాని రోజుల్లో వచ్చినయ్యండీ, మాలకొండారెడ్డి గారూ."

"బానే ఉన్నాయి" అని, అతను తెర వైపు తిరిగాడు. కాసేపటికి మళ్ళీ ఒకసారి ఇటు చూశాడు, వెతుక్కోకుండానే.